కబురు కోసం నిరీక్షణ: మేడిపల్లి ప్రాంతంలో తపాలా సంచి నుంచి పుష్ మెయిల్ దాకా

జగిత్యాల, కోరుట్ల పట్టణాల నడుమ ఉన్న మేడిపల్లి పరిసరాల సామాజిక చరిత్రను గానీ, దక్షిణాన మరమగ్గాలకు పేరుపొందిన సిరిసిల్ల చరిత్రను గానీ వలస నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని ఉత్తర తెలంగాణ తన బతుకుదెరువులను మూడు మాటల్లో చెప్పుకుంటుంది: నేతపనికీ కట్టడపు పనికీ బొంబాయి, భివండీ, షోలాపూర్ల వైపు పోయినవారు కొందరు, సింగరేణి గనుల్లో దిగినవారు కొందరు, 1970ల తరువాత గల్ఫ్ దేశాలకు విమానమెక్కినవారు ఎందరో. ఇంటి మనిషి ఏళ్ల తరబడి దూరాన ఉన్నప్పుడు ఆ ఇంటిని నిలబెట్టేవి రెండే, అతను పంపే డబ్బు, అతను పంపే కబురు. కబురు చేరిన తీరును సాధారణంగా వేగం పెరిగిన కథగా చెప్పుకుంటారు. ఉత్తరం కన్నా ఫోను, ఫోను కన్నా ఇంటర్నెట్టు వేగవంతమైనవన్న మాట నిజమే. అయితే వేగంతో సమానంగా పట్టించుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: కబురు మనిషిని వెతుక్కుంటూ వచ్చిందా, మనిషే కబురును వెతుక్కుంటూ పోవలసి వచ్చిందా? ఈ ప్రశ్నను పట్టుకుని చూస్తేనే నేటి స్మార్ట్‌ఫోన్‌లోని ‘పుష్ మెయిల్’కు, అంటే ఎవరూ తెరిచి చూడకుండానే సర్వరుకు చేరిన ఉత్తరం వెంటనే ఫోన్‌లోకి వచ్చి గంట మోగించే ఏర్పాటుకు, ఈ ప్రాంతపు చరిత్రలో ఉన్న స్థానం అర్థమవుతుంది.

జగిత్యాల, సిరిసిల్ల నిజాం రాజ్యంలో తాలూకా కేంద్రాలుగా ఉన్న కాలంలో హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా శాఖ ఉండేది. 1869లో తొలి తపాలా బిళ్లలు వెలువరించిన ఆ శాఖ 1950లో భారత తపాలా శాఖలో కలిసిపోయింది. పల్లెల్లో తపాలా శాఖ ముఖం బ్రాంచి పోస్టాఫీసు, అంటే ఊళ్లోనే ఉండే ఒకరు తన ఇంటి వసారాలోనో అద్దెగదిలోనో రోజుకు కొద్ది గంటలు నడిపే చిన్న కార్యాలయం. పట్టణం నుంచి వచ్చిన సంచిని అక్కడ విప్పి, ముద్రలు కొట్టి, ఉత్తరాలను వాడల వారీగా సర్దుకుని పోస్టుమ్యాన్ సైకిలెక్కేవాడు. 1972 ఆగస్టు 15న దేశమంతటా పిన్ కోడ్ వచ్చినప్పుడు కరీంనగర్ ప్రాంతానికి 505తో మొదలయ్యే సంఖ్యలు దక్కాయి. భివండీలో మగ్గం మీద పనిచేసే సిరిసిల్ల మనిషి మనియార్డరు ఫారం మీద ఆ సంఖ్య రాస్తే చాలు, డబ్బూ, ఫారం అడుగున రాసిన నాలుగు ముక్కల సమాచారమూ ఇంటి గడపకు చేరేవి. చదువురాని ఇళ్లలో ఉత్తరం చదివి వినిపించేదీ, జవాబు రాసిపెట్టేదీ చాలాసార్లు పోస్టుమ్యానే. ఈ ఏర్పాటు నెమ్మదిగా నడిచినా దాని స్వభావం ఒకటే: కబురు తనంతట తానే గడప దాకా వచ్చేది, ఇంట్లోవారు ఎక్కడికీ పోనక్కరలేదు.

1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్న తరువాత ఈ ప్రాంతపు యువకులు దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ దారి పట్టారు. అక్కడ తపాలా వ్యవస్థ వేరే పద్ధతిలో నడిచేది. దుబాయి ఉన్న అరబ్ ఎమిరేట్లలో ఇంటింటికీ ఉత్తరం పంచే పోస్టుమ్యాన్ లేడు. ఉత్తరాలన్నీ పోస్టు బాక్సుకు, అంటే తపాలా కార్యాలయంలో సంస్థ పేరిట అద్దెకు తీసుకున్న తాళపు అరకు చేరేవి. కంపెనీ మనిషి ఆ అరను తెరిచి ఉత్తరాల కట్టను కార్యాలయానికి తెస్తే, అక్కడి నుంచి అది ఊరిచివరి లేబర్ క్యాంపుకు చేరాలి. ఆ మనిషి వారం పాటు పోకపోతే, మేడిపల్లి నుంచి సకాలంలో బయలుదేరిన ఉత్తరం కూడా వారం పాటు అరలోనే ఉండేది. ఒకే ఉత్తరం ప్రయాణంలో ఇంటివైపు కొసన గడపకు వచ్చే పద్ధతి, పనివైపు కొసన పోయి తెచ్చుకునే పద్ధతి ఏకకాలంలో ఉండేవన్నమాట. ఈమెయిల్ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ రెండు పద్ధతుల తేడాయే తాళంచెవి వంటిది.

ఉత్తరం రాయలేనివారు క్యాసెట్టులో మాటలు నింపి, సెలవు మీద ఊరికి వచ్చే తోటివాని చేతికి ఇచ్చి పంపేవారు. ఇంట్లో టేపురికార్డరు చుట్టూ కూర్చుని విని, అదే క్యాసెట్టులోనో మరొకదానిలోనో జవాబు నింపి తిరిగి పంపేవారు. అత్యవసరమైన కబురుకు టెలిగ్రాం ఉండేది, కానీ అది చావునో ప్రమాదాన్నో మోసుకొస్తుందన్న భయం ఊళ్లలో ఎంతగా నాటుకుందంటే, తంతి వచ్చిందనగానే విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఈ మార్గాలన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. లక్షకు పైగా భారతీయులను ప్రభుత్వం జోర్డాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తరలించిన ఆ నెలల్లో, తమవాడు బతికి ఉన్నాడో లేదో తెలియక కుటుంబాలు రేడియో వార్తలకు అంటిపెట్టుకుని గడిపాయి.

1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, చిన్న ఊళ్లకు సరిపోయే ఎక్స్ఛేంజీలను మనదేశపు ఎండకూ దుమ్ముకూ తట్టుకునేలా రూపొందించడంతో టెలిఫోను పల్లెల వైపు కదిలింది. 1990ల నాటికి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల బస్టాండుల చుట్టూ పసుపు రంగు బోర్డుల ఎస్టీడీ, ఐఎస్డీ బూత్‌లు వెలిశాయి. ఫోను లేని ఇళ్లవారు ఇరుగుపొరుగు నంబరునో బూత్ నంబరునో ‘పి.పి.’ అని రాసి ఇచ్చేవారు, అంటే ఫలానా మనిషిని పిలిపించండి అని అడిగి మాట్లాడవలసిన నంబరు. గల్ఫ్‌లో సెలవు శుక్రవారం కాబట్టి శుక్రవారమే ఫోన్ల రోజు. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర, సౌదీ గడియారం రెండున్నర గంటలు వెనకబడి ఉండడం వల్ల అక్కడివారు నిద్రలేచి, వరుసలో నిలబడి, కార్డు గీకి మాట్లాడేసరికి ఇక్కడ మధ్యాహ్నమయ్యేది. గొంతు వినిపించడమన్నది చిన్న లాభం కాదు, అయితే అందుకు చెల్లించిన మూల్యం నిరీక్షణ. పోస్టుమ్యాన్ కాలంలో ఇంట్లో పని చేసుకుంటూ ఎదురుచూసిన ఆడవాళ్లు, బీడీల చాట పక్కన పెట్టి, బూత్ ముందు బల్ల మీద పూటంతా కూర్చోవలసి వచ్చింది. కబురు వేగం పెరిగింది, కానీ మనిషే దాని దగ్గరికి పోవలసిన పద్ధతి ఇంటివైపుకూ వచ్చింది.

ఈమెయిల్ కూడా పుట్టుకతో సగం దూరమే నడిచిన తపాలా. 1971లో రే టామ్లిన్సన్ అమెరికాలో ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి నెట్‌వర్క్ మీదుగా సందేశం పంపి, పేరుకూ కంప్యూటరుకూ నడుమ @ గుర్తు పెట్టాడు. 1982లో వచ్చిన ఎస్ఎంటీపీ అనే నియమావళి, పంపినవారి సర్వరు నుంచి అందుకునేవారి సర్వరు దాకా ఉత్తరాన్ని దానంతట అది తోసుకుపోయే పద్ధతిని ఖాయం చేసింది. సర్వరు అంటే ఎప్పుడూ మేలుకొని ఉండి ఉత్తరాలను అందుకుని దాచే కంప్యూటరు. అక్కడి నుంచి మనిషి చేతికి చేర్చే చివరి అంచెకు 1984లో పాప్, 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ చేతుల మీదుగా ఐమ్యాప్ అనే నియమావళులు వచ్చాయి గానీ, ఆ తొలినాళ్లలో రెండూ వినియోగదారుడు వచ్చి అడిగితే ఇచ్చే పద్ధతివే. ఉత్తరం సర్వరులో ఉన్నా, యజమాని కంప్యూటరు తెరిచి అడగకపోతే అది అక్కడే పడి ఉంటుంది. దుబాయి పోస్టు బాక్సుదీ సరిగ్గా ఇదే తీరు.

1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించిన తరువాత, మరుసటి దశాబ్దంలో ఈ పట్టణాల ఎస్టీడీ బూత్‌లు పలుచోట్ల నెట్ సెంటర్లుగా మారాయి. ముచ్చట్లకు మొబైల్ ఫోను అప్పటికే ఉంది కాబట్టి, జనాన్ని ఈమెయిల్ వైపు నెట్టింది కాగితాల అవసరం. అంతకుముందు వీసా నకలు ఫ్యాక్సులో వచ్చేది, అసలు ప్రతిని ఎమిరేట్ల విమానాశ్రయంలో అప్పగించి ఉంచేవారు. క్రమంగా ఆ నకలు ఈమెయిల్ జోడింపుగా రాసాగింది. 2008 జూన్ 1 నుంచి అంతర్జాతీయ విమానయాన సంఘం కాగితపు టికెట్లకు స్వస్తి చెప్పడంతో టికెట్టూ మెయిల్‌లోనే వచ్చింది. పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో ఖాతా తెరవాలన్నా ఈమెయిల్ చిరునామా తప్పనిసరి, ఆ ఖాతాను పనిలోకి తెచ్చే లింకు కూడా ఆ చిరునామాకే వస్తుంది. వీసా ఎప్పుడొస్తుందో ఏజెంటు తేదీ చెప్పలేడు. రోజూ బస్సెక్కి పట్టణం పోయి, నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి, ఇన్‌బాక్స్ తెరిపించి, ఏమీ రాలేదని తెలుసుకుని తిరిగి రావడం వలసకు సిద్ధమైన యువకుల దినచర్యలో భాగమైంది. ఇంగ్లిషు అక్షరాలు రానివారికి సెంటర్ నడిపేవారే ఖాతా తెరిచి, పాస్‌వర్డును తమ నోటుబుక్కులో రాసుకునేవారు. చాలామందికి అదీ లేక, దరఖాస్తులో ఏజెంటు చిరునామాయే ఉండేది. అంటే ఉత్తరం ఎవరి పేరిట వచ్చిందో వారికన్నా ముందు వేరొకరికి అందేది, దాచాలా చెప్పాలా అన్న నిర్ణయం కూడా వారి చేతిలోనే ఉండేది.

సర్వరు నుంచి మనిషి చేతికి చేరే ఈ చివరి అంచెను కూడా తోసుకువచ్చే పద్ధతికి మార్చి ప్రపంచాన్ని ఒప్పించిన ఘనత కెనడాలోని వాటర్లూ నగరపు రిసెర్చ్ ఇన్ మోషన్ సంస్థది. మైక్ లజారిడిస్ సహస్థాపకుడైన ఆ సంస్థ 1999లో బ్లాక్‌బెర్రీ పేరిట విడుదల చేసిన పరికరానికి మెయిల్ తనంతట తానే వచ్చేది: కార్యాలయపు సర్వరుకు ఉత్తరం చేరగానే పక్కనున్న బ్లాక్‌బెర్రీ సర్వరు దాన్ని సంకేతలిపిలోకి మార్చి, సంస్థ సొంత కేంద్రానికి పంపేది, ఆ కేంద్రం మొబైల్ కంపెనీ ద్వారా ఆ పరికరాన్ని వెతికి పట్టుకుని అందించేది. 2004లో ఇది భారతదేశానికి వచ్చింది. గల్ఫ్‌లో కంపెనీ అధికారుల, ఇంజినీర్ల చేతుల్లో మెరిసింది గానీ క్యాంపు కార్మికునికి అందలేదు. ఉత్తరాలన్నీ ఒకే సంస్థ కేంద్రం గుండా సంకేతలిపిలో పోవడం ప్రభుత్వాలకు నచ్చలేదు; 2010 ఆగస్టులో ఎమిరేట్లు అక్టోబరు 11 నుంచి ఈ సేవలను ఆపేస్తామని ప్రకటించి, అక్టోబరు 8న ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నాయి, అదే కాలంలో సౌదీ, భారత ప్రభుత్వాలూ ఇలాగే ఒత్తిడి తెచ్చాయి. 2011 అక్టోబరు 10న ఆ సంస్థ వ్యవస్థలో ఒక ప్రధాన స్విచ్చి చెడిపోయి, దాని బదులు పనిచేయవలసినది పనిచేయకపోవడంతో ఐరోపా, గల్ఫ్, ఆఫ్రికా, భారత్‌లలో మూడు రోజుల పాటు మెయిల్ అస్తవ్యస్తమైంది. తనంతట తానే వచ్చే ఉత్తరానికి అలవాటుపడినవారు, అది రానప్పుడు అసలు ఉత్తరమే లేదనుకుంటారు. ఈ పద్ధతిలోని పెద్ద ప్రమాదం అదేనని ఆ మూడు రోజులు చూపించాయి.

ఏ ఒక్క సంస్థ కేంద్రం మీదా ఆధారపడని దారి 1997లోనే ఐమ్యాప్‌కు అనుబంధంగా వచ్చింది. దాని పేరు ఐడిల్. ఫోను సర్వరుతో సంబంధం కలుపుకుని ‘ఐడిల్’ అని ఆదేశమిచ్చి మౌనంగా ఉంటుంది. సర్వరు కూడా మౌనంగా ఉంటుంది. కొత్త ఉత్తరం పడగానే సర్వరు పెట్టెలో ఇప్పుడు ఇన్ని ఉత్తరాలున్నాయని ఒక్క పంక్తి చెబుతుంది. ఫోను ‘డన్’ అని మౌనం ముగించి ఆ ఉత్తరాన్ని తెచ్చుకుంటుంది. ఎంతసేపైనా పలుకు లేకపోతే సర్వరు తెంపేసుకోవచ్చు కనుక, 29 నిమిషాలకు ఒకసారైనా ఈ ఆదేశాన్ని తిరిగి ఇవ్వాలని ఆ నియమం సలహా ఇస్తుంది. వైరుతో కలిసిన కంప్యూటరు మీద సులువుగా సాగిన ఈ పని మొబైల్ మీద కష్టమైంది. మొబైల్ కంపెనీలు ప్రతి ఫోనుకూ ఇంటర్నెట్‌లో సొంత చిరునామా ఇవ్వకుండా, ఎన్నో ఫోన్లను ఒకే చిరునామా వెనక దాచి, ఏ సంభాషణ ఏ ఫోనుదో ఒక పట్టికలో రాసుకుంటాయి. కొంతసేపు మాటామంతీ లేకపోతే ఆ పద్దును చెరిపేస్తాయి. పద్దు చెరిగిందన్న సంగతి ఫోనుకూ తెలియదు, సర్వరుకూ తెలియదు. రెండూ సంబంధం ఉందనే అనుకుంటుండగా ఉత్తరం వచ్చిందన్న కబురు దారిలోనే ఆగుతుంది. అలా కాకుండా ఉండాలంటే ఫోను అప్పుడప్పుడూ ‘ఉన్నాను’ అని చిన్న సంకేతం పంపుతుండాలి, పంపిన ప్రతిసారీ రేడియో నిద్రలేచి బ్యాటరీని తింటుంది.

ఫోన్‌లోని ప్రతి యాప్ ఇలా తన సంబంధాన్ని తాను కాపాడుకుంటే బ్యాటరీ పూటకైనా నిలవదు. అందుకే ఫోను మొత్తానికీ ఒకే సంబంధం ఉంచి, అన్ని యాప్‌ల కబుర్లనూ దాని గుండానే పంపే ఏర్పాటును ఆపిల్ 2009లో, గూగుల్ 2010లో ఆండ్రాయిడ్ 2.2తో తెచ్చాయి, గూగుల్ ఏర్పాటు 2012లో ఒకసారి, 2016లో మరోసారి పేరూ రూపమూ మార్చుకుంది. 2015లో ఆండ్రాయిడ్ 6 తెచ్చిన ‘డోజ్’ అనే నిద్రావస్థ, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో యాప్‌ల పనిని ఆపేసి, అత్యవసరమని గుర్తుపెట్టిన కబుర్లను మాత్రమే వెంటనే దాటనిస్తుంది. చవక ఫోన్లు తయారుచేసే పలు కంపెనీలు దీనికి తోడు తమ సొంత బ్యాటరీ పొదుపు నియమాలను చేర్చి, కొన్నాళ్లు తెరవని యాప్‌ను పూర్తిగా ఆపేసే పద్ధతి పెట్టాయి. ఈమెయిల్‌ను అరుదుగా తెరిచే మనిషి ఫోన్‌లో మొదట ఆగేది మెయిల్ యాపే, మెయిల్ తనంతట తానే రావలసిన అవసరం ఎక్కువగా ఉన్నదీ ఆ మనిషికే.

2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధరలు పడిపోగా, అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి. కొద్ది కాలంలోనే పల్లె ఇళ్లలో స్మార్ట్‌ఫోను మామూలు వస్తువైంది. కుటుంబ ముచ్చట్లన్నీ వాట్సాప్, ఇమో వంటి వాటిలోకి చేరాయి. ఎమిరేట్లలో వాట్సాప్ కాల్స్ మీద నిషేధం ఉన్నా రాతలూ, గొంతు సందేశాలూ ఆగలేదు. ఈమెయిల్‌కు మిగిలింది ప్రభుత్వంతో, విమాన సంస్థతో, బ్యాంకుతో, రాయబార కార్యాలయంతో నడిచే వ్యవహారం. 2015 ఫిబ్రవరిలో విదేశాంగ శాఖ ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్‌లో, జీతం అందకపోయినా, యజమాని చేతిలో చిక్కుకున్నా, పరాయి గడ్డ మీద మరణించిన మనిషి దేహం రావలసి ఉన్నా కుటుంబం నమోదు చేసిన ఫిర్యాదు ఏ దశలో ఉందో తెలుసుకోవచ్చు. 2020 మే 7న వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు కూడా తిరిగిరాదలచినవారు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, రాయబార కార్యాలయం నుంచి ఫోనో మెయిలో వస్తుందని కాచుకోవలసి వచ్చింది. ఊరి మాటల కోసం ఈమెయిల్ అక్కరలేకపోవచ్చు. హక్కు, ఆధారం, గడువు ఉన్న మాటలు మాత్రం ఎక్కువగా దాని గుండానే నడుస్తాయి.

అందువల్ల నేడు మెయిల్ తప్పకుండా చేరడానికి అడ్డుపడే కారణాలు సాంకేతికమైనవిగా కనిపించినా వాటి ఫలితం సామాజికమైనది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్ల చోటును మెయిల్, ఫొటోలు, ఫైళ్లు పంచుకుంటాయి. పెళ్లి వీడియోలతోనో పిల్లల ఫొటోలతోనో ఆ చోటు నిండిపోతే కొత్త ఉత్తరం లోపలికి రాక పంపినవారికే తిరిగిపోతుంది. ఊళ్లో ఉన్నప్పుడు ఇక్కడి సిమ్ నంబరుతో తెరిచిన ఖాతా, గల్ఫ్‌లో ఆ సిమ్ రీచార్జి లేక మూతపడిన తరువాత పాస్‌వర్డు మరిచిపోతే తిరిగి తెరుచుకోవడం కష్టం. గల్ఫ్ నంబరుతో ముడిపెట్టిన ఖాతా, తిరిగి వచ్చేసిన రోజు నుంచి అదే గతి పడుతుంది. వీటన్నిటికీ మించినది, చిరునామా ఇప్పటికీ ఏజెంటుదో నెట్ సెంటర్‌దో కావడం. ఉత్తరం ఎంత వేగంగా తోసుకువచ్చినా అది చేరేది ఫారంలో రాసిన చిరునామాకే, ఆ చిరునామా పరాయిదైతే పుష్ మెయిల్ పరాయి జేబులోనే గంట మోగిస్తుంది.

ఈ చరిత్ర చెప్పే తీర్పు స్పష్టంగానే ఉంది. పోస్టుమ్యాన్ గడప దాకా తెచ్చిన ఉత్తరానికి హామీ ఇచ్చింది అతని సైకిలు ఒక్కటే కాదు, ఊళ్లోనే ఉండే ఒక బాధ్యుడు, అందరికీ తెలిసిన ఒక పద్ధతి, ఇంటి పేరిట ఉన్న ఒక చిరునామా. స్మార్ట్‌ఫోను సైకిలు స్థానాన్ని తీసుకుంది, మిగిలిన మూడింటినీ ఎవరూ భర్తీ చేయలేదు. విదేశాంగ శాఖ వలస కార్మికులకు ఇచ్చే ప్రయాణపూర్వ శిక్షణలోనూ, జిల్లా యంత్రాంగం నడిపే అవగాహన సదస్సుల్లోనూ ఒక గంట ఈ పనికి కేటాయించడం పెద్ద ఖర్చు కాదు: కార్మికుని పేరిట ఖాతా తెరిపించడం, పాస్‌వర్డును అతనికి, అతను నమ్మిన ఇంటి మనిషికి తప్ప మరెవరికీ తెలియకుండా చూడటం, తిరిగి తెరుచుకోవడానికి ఇంట్లో ఎప్పుడూ ఉండే నంబరును జతచేయించడం, మెయిల్ యాప్‌ను బ్యాటరీ పొదుపు జాబితా నుంచి తప్పించడం, నోటిఫికేషన్లు తెరిచి ఉంచడం, చోటు నిండకుండా చూసుకోవడం తెలుగులో చేసి చూపాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి విమానమెక్కే ప్రతి మనిషీ పాస్‌పోర్టును ఎంత భద్రంగా తన దగ్గరే ఉంచుకోవాలో తన మెయిల్ చిరునామానూ అంతే భద్రంగా తన పేరిటే ఉంచుకోవాలి. ఫారం నింపేవారు ఎవరైనా సరే, అందులో తన చిరునామాయే రాయించాలి.